ఆయన కనబడ్డారు

పులిని చూసింది నా భార్య. నేను కాదు.

ఈ రెండు వాక్యాలూ ఒకే విషయం చెబుతున్నట్టు ఉంటాయి. మొదటిది జరిగిన విషయం. రెండోది, దాని పక్కన చేరి నేను మోస్తున్న బరువు. మొదటి వాక్యాన్ని ఒంటరిగా వదిలేయగలిగితే ఇంత చెప్పవలసిన పని ఉండేది కాదు.

నర్సీపట్నం అబీద్ సెంటర్ దగ్గర మాకు కళ్ళజోళ్ళ షాపు ఉంది. కింద షాపు, పైన ఇల్లు. ఇతరులకు స్పష్టంగా కనిపించేట్టు చేయడం నా వృత్తి. గోడకు వేలాడే అక్షరాల ముందు మనిషిని కూర్చోబెట్టి, ఒక అద్దం తీసి ఇంకో అద్దం వేసి, "ఇది బాగుందా, అది బాగుందా?" అని అడుగుతాను. బేరం లేని వేళ తర్కం, వేదాంతం చదువుకుంటాను. చూడడం అంటే ఏమిటో మన తార్కికులు ఆలోచించినంతగా కళ్ళ డాక్టర్లు ఆలోచించలేదని నా నమ్మకం.

పులిని చూడాలన్న కోరికా నాదే. బోనులో ఉన్నది పులి కాదు, పులి రూపం మాత్రమే అని నా వాదన. దాన్ని దాని అడవిలో, దాని ఇష్టం మీద చూడాలి. ఈ మాట అన్నప్పుడల్లా కళావతి నవ్వేది.

"మీరు దాన్ని సూడాలనుకుంటే సరిపోద్దేటండీ? అదీ అనుకోవాలి కదా."

మొన్న శీతాకాలం చివర నలుగురం బయలుదేరాం. మేమిద్దరం, పక్కన మందుల షాపు నడిపే వాసు, అతని భార్య మణి. మణి కళావతిని వదినా, నన్ను అన్నయ్యా అంటుంది. వాసు నన్ను బావగారూ, ఆమెను అక్కా అంటాడు. చుట్టరికం ఏమీ లేదు, మధ్యలో ఉమ్మడి గోడ ఉంది. విశాఖపట్నంలో రాయపూర్ రైలెక్కి, అక్కడినుంచి కారులో మధ్యప్రదేశ్‌లోని కాన్హా నేషనల్ పార్కుకు చేరాం. నలుగురికీ ఒకే జీపులో చోటు దొరకలేదు. రెండు జీపుల్లో రెండేసి సీట్లు దొరికాయి. ఉదయం ఒక సఫారీ, సాయంత్రం ఒకటి.

ఉదయం గేటు దగ్గర చలి వణికించింది. సెల్ ఫోన్లు లోపలికి పనికిరావన్నారు, అప్పగించాం. మణి దుప్పటి తలమీదుగా కప్పుకుని, "పులి కనబడుద్దంటావా వదినా?" అంది.

"ఉష్! అడివిలో పేరెత్తకే. ఆయన అనాలి," అంది కళావతి.

కళావతి పుట్టిల్లు కృష్ణదేవిపేట అవతల, కొండల అంచున ఉంది. అడ్డాకులకీ చీపురుపుల్లలకీ కొండెక్కేవాళ్ళు అక్కడ పులిని పేరు పెట్టి పిలవరు. పేరెత్తితే పిలిచారనుకుని వస్తుందని వాళ్ళ భయం.

"ఓలమ్మో! మొగుడి పేరూ ఎత్తకూడదు, దాని పేరూ ఎత్తకూడదు. ఇద్దరూ ఆయనే! అయితే అన్నయ్యా, అదీ ఒకటేనేటి?" అంది మణి.

"మీ అన్నయ్యకి అంత సీను లేదే. గోళ్ళు కూడా అక్కే కత్తిరించాలి," అన్నాడు వాసు.

అందరం నవ్వాం. నేనూ నవ్వాను.

ఆ ఉదయం చుక్కల దుప్పులు కనిపించాయి. ఒక అడవిదున్న మంచులోంచి వచ్చి, మమ్మల్ని లెక్కచేయకుండా మేసి వెళ్ళిపోయింది. ఎండ పడగానే చెట్ల నిండా పిట్టలు లేచాయి. కళావతి ప్రతిదానికీ నా మోచెయ్యి పట్టుకుని చూపించింది. నేను చూడలేదు. పులి కానిదంతా ఆ ఉదయం నాకు అడ్డంగా కనిపించింది.

మధ్యాహ్నం బసలో కళావతి కళ్ళజోడు కాడ వదులైందంటే జేబులోని చిన్న స్క్రూడ్రైవరుతో మర బిగించాను. ఆమెకు దూరపు చూపు కొంచెం తక్కువ, మైనస్ ఒకటిన్నర. బిగిస్తూ ఉండగా పక్క టేబుల్ దగ్గర మాటలు వినిపించాయి. వాసు వాళ్ళ జీపు సాయంత్రం వెళ్ళబోయే దారిలో, చెరువు దగ్గర, అప్పుడే పడిన పంజా గుర్తులు ఉన్నాయట. కళ్ళజోడు నా చొక్కా జేబులో పెట్టుకుని లేచాను.

"వాసూ, ఈ పూట మనిద్దరం నీ జీపులో వెళ్దాం. ఆడవాళ్ళు మా దాంట్లో వస్తారు. కబుర్లు చెప్పుకుంటూ కాలక్షేపం చేస్తారు."

"మా కబుర్లకి పారిపోద్దనేగా, అన్నయ్యా?" అంది మణి.

కళావతి నా వైపు ఒకసారి చూసింది. ఎందుకు మారుతున్నానో ఆమెకు తెలుసు. "ఎక్కండి మరి, బేగి. మీ సెరువు ఎండిపోద్ది," అంది.

చెరువుగట్టు దగ్గర మా జీపు ఆగింది. బురదలో పంజా గుర్తులు నిజంగానే ఉన్నాయి. అవతల గుగ్గిలం చెట్ల మీదనుంచి ఒక కొండముచ్చు కేకవేసింది. దుప్పి ఒకటి తోక నిక్కించి, కాలితో నేలను తన్ని అరిచింది. గైడు పెదాల మీద వేలు పెట్టుకున్నాడు. పొగ కనిపిస్తే నిప్పు ఉందని తెలుసుకోవడాన్ని తర్కంలో అనుమానం అంటారు. దానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నేను కోరలేను. గుర్తు ఉంది, కేక ఉంది, అరుపు ఉంది. కనుక పులి ఉంది. ఉండి, కనబడలేదు. పొద్దు వాలేదాకా నేను పొగను చూస్తూ కూర్చున్నాను.

గేటు దగ్గరికి మేమే ముందు చేరాం. రెండో జీపు దుమ్ములోంచి వస్తూ ఉండగానే నాకు అర్థమైపోయింది. పులిని చూసినవాళ్ళు వేరేగా కూర్చుంటారు.

జీపు ఆగకముందే మణి లేచి నిలబడింది. "అన్నయ్యా! సూసేసాం! ఇంత తలకాయ! జీపు పక్కనుంచే ఎల్లిపోనాది! తల్లీ తలుపులమ్మా అనుకుని కళ్ళు మూసీసుకున్నాను."

"కళ్ళు మూసుకుంటే తలకాయ ఎలా సూసావే?" అన్నాడు వాసు.

"మూసుకునే ముందు సూసాను! పూర్తిగా సూసింది వదినే. కావాలంటే అడుగు."

కళావతి ఇంకా దిగలేదు. జీపు కడ్డీ మీద చెయ్యి వేసి, వచ్చిన దారిని చూస్తూ ఉంది. ఆమె ముఖంలో నాకు తెలియనిది ఏదీ లేదని అప్పటిదాకా అనుకునేవాణ్ణి. ఏదో గదిలోంచి అప్పుడే బయటికి వచ్చి, తలుపు ఇంకా వేయనట్టు ఉంది ఆ ముఖం. ఆ గదిలోకి నాకు పిలుపు లేదు.

సంతోషించవలసిన క్షణం. నా చెయ్యి చొక్కా జేబు మీదికి వెళ్ళింది. కళ్ళజోడు గట్టిగా తగిలింది. తిరిగి ఇవ్వడం మరిచిపోయాను.

"ఎంత దూరంలో?" అని అడిగాను.

"దగ్గరేనండి."

"దగ్గరంటే? మగదా, ఆడదా? చిరుత కాదు కదా?"

"అదంతా నాకేటి తెలుసండీ. వచ్చి…"

"కళా, నీ కళ్ళజోడు నా దగ్గరుంది. ఇది లేకపోతే నీకు ఎదుటి షాపు బోర్డు ఆనదు. ఏం చూశావు?"

జేబులోంచి తీసి చూపించాను కూడా.

"ఆవుదూడేమో అక్కా!" అన్నాడు వాసు. మణి పకపకా నవ్వింది. తెలుగు రాని డ్రైవరు కూడా నవ్వాడు.

కళావతి కళ్ళజోడు అందుకుంది. చీరచెంగుతో నెమ్మదిగా తుడిచి పెట్టుకుంది. నన్ను తేరిపార చూసింది.

"ఇప్పుడు మీరు బాగా కనబడతన్నారు," అంది.

ఆ తరువాత పులి గురించి నాతో ఒక్క మాట మాట్లాడలేదు.

గుణంలో దోషాన్ని వెతికి చూపించడమే అసూయ అని పెద్దలు ఇచ్చిన నిర్వచనం. చాలాకాలం క్రితం చదివి, చక్కటి నిర్వచనం అనుకుని ముందుకు పోయాను. నేను ఆ గేటు దగ్గర చేసినది అక్షరాలా అదే. ఆమెకు దక్కినదాన్ని నేను లాక్కోలేను. దాని మీద మరక వేయగలను. మరక వేయడానికి నా చదువు, నా వృత్తి, నా జేబులోని అద్దాలు, అన్నీ సాయం వచ్చాయి. ఈర్ష్య ఎప్పుడూ ఉత్త చేతులతో రాదు. చేతిలో ఏదో ఒక కొలబద్ద ఉంటుంది.

నర్సీపట్నం తిరిగివచ్చాక మణి నోట పులి పెరగసాగింది. మా షాపులో కళ్ళు చూపించుకోవడానికి వచ్చినవాళ్ళందరికీ ఆ కథ చెప్పింది. మొదట దూడంత ఉండేది, తరువాత గేదంత అయింది. చివరకు జీపు మీద పంజా కూడా వేసింది. విన్నవాళ్ళు కళావతి వైపు తిరిగి, "మీరూ సూసారాటండీ?" అని అడిగేవారు. "మణి సెప్పింది కదండీ," అని ఆమె బిల్లు రాసుకునేది.

నాకు మణి పులి అక్కర్లేదు. కళ్ళు మూసుకున్న మనిషి పులి అది. ఫోటో లేదు, వీడియో లేదు. ఆ సాయంత్రపు పులి ఈ ప్రపంచంలో కళావతి దగ్గర మాత్రమే ఉంది.

మధ్యాహ్నం వేళ కౌంటరు వెనక కూర్చుని ఆమె ఒక్కోసారి పని ఆపేసేది. చేతిలో ఫ్రేము, చూపు వీధిలో. ఆటోలు, చెరుకు ట్రాక్టర్లు, బస్సు కోసం పరిగెత్తే మాకవరపాలెం జనం. ఆమె వాటిని చూడడం లేదని నాకు తెలిసేది. ఏం చూస్తోందో కూడా తెలిసేది. తర్కంలో అనుమానం అంటే గుర్తును బట్టి తెలుసుకోవడం. మన ఇళ్ళలో ఆ మాటకు అర్థం వేరు. ఆ రోజుల్లో నాకు రెండు అర్థాలూ ఒకటయ్యాయి.

ఒక సాయంత్రం టీవీలో పులుల కార్యక్రమం పెట్టి, ఏమీ ఎరగనట్టు అడిగాను. "ఇలాగే ఉందా?"

"ఇది బావుందండి. గీతలన్నీ కనబడతన్నాయి," అని లోపలికి వెళ్ళిపోయింది. మెచ్చుకుందో దెప్పిందో తేల్చుకోలేకపోయాను.

వాసు దగ్గర ఆ సాయంత్రం ఆడవాళ్ళ జీపులో వెళ్ళిన గైడు నంబరు ఉంటే తీసుకుని, ఎవరూ లేనప్పుడు ఫోన్ చేశాను. నాకు వచ్చిన హిందీలో అడిగాను. అతను వెంటనే గుర్తుపట్టాడు. పెద్ద మగపులి అన్నాడు. మేడమ్ కూర్చున్న వైపుకే వచ్చి, చెయ్యి చాపితే అందేటంత దగ్గర ఆగిందన్నాడు. అందరూ అరిచారట, మేడమ్ ఒక్కరే అరవలేదట.

అతని మాట నేను మారు ప్రశ్న లేకుండా నమ్మాను. అతని మంచీ చెడూ నాకు తెలియదు. తెలియడానికి ఉన్న దారుల్లో నమ్మదగిన మనిషి మాట వినడం ఒకటి. దాన్ని ఆప్తవాక్యం అంటారు. ఆప్తులంటే మన వాడుకలో దగ్గరివాళ్ళు. ఎక్కడో ఉన్న గైడు నాకు ఆప్తుడయ్యాడు. నాతో కలిసి అన్నం తినే మనిషి కాలేకపోయింది. ఫోన్ పెట్టేశాక మనసు కుదుటపడుతుందనుకున్నాను. పడలేదు. అంతవరకూ ఆమె ఏదో మసకగా చూసి ఉంటుందన్న ఆశ ఒకటి ఉండేది. అదీ పోయింది.

ఒక ఆదివారం షాపు షట్టర్ సగం దించి, మేడ మీదికి వెళుతున్నాను. మోకాలి నొప్పి వల్ల ఈమధ్య మెట్లు నెమ్మదిగా ఎక్కుతాను. పైన కళావతి ఆరిన బట్టలు తీస్తూ ఫోన్లో మాట్లాడుతోంది. అవతల ఆమె అక్క సింహాద్రమ్మ. పుట్టిన ఊళ్ళోనే ఉంటుంది.

"ఎవరికీ సెప్పలేదే అక్కా. సెప్తే తగ్గిపోతారేమోనని… అబ్బే, ఆయన అలాటోరు కాదు. ఎవరు సూస్తన్నారని సూసుకోరు. తన పనేదో తనది."

నేను మెట్టు మీద ఆగాను.

"ఆ నడకే వేరే. తొందరుండదు. నేలకి బరువు తెలీకుండా అడుగేస్తారు."

నా నడక గురించి ఇంతవరకూ ఎవరూ మాట్లాడలేదు. మోకాలి నొప్పితో నేను ఆచితూచి వేసే అడుగు ఆమెకు ఇలా కనిపిస్తోందా అనుకున్నాను.

"బయమా? లేదే. ఎదరకొచ్చి అలా నన్ను సూసినప్పుడు బయం వెయ్యలేదు. సిగ్గేసింది. ఇన్నాళ్ళూ నన్నెవరూ సూడనట్టు, అప్పుడే మొదటిసారి సూసినట్టు…"

పెళ్ళిచూపుల నాడు నేను తల ఎత్తి చూసిన సంగతి చెబుతోంది కాబోలు. గేటు దగ్గర మాట ఆమె మరిచిపోయింది. నా ఎదుట చెప్పలేనిది అక్కతో చెప్పుకుంటోంది. ఆ గొంతులో అంత మెత్తదనం నేనెప్పుడూ వినలేదు. వినకపోయినా, అది నా గురించే అన్న ధైర్యంతో జుట్టు సరిచేసుకున్నాను. పైమెట్టు మీద కాలు పెట్టాను.

"మరేటుంది. తోక ఒక్కసారి ఇలా ఆడించి, పొదల్లోకి ఎల్లిపోయారు," అంది కళావతి.

కాలు వెనక్కి తీసుకోవడం కూడా చేతకాలేదు. మణి నవ్వుతూ అన్న మాట గుర్తుకొచ్చింది. ఇద్దరూ ఆయనే.

పులిని చూసినందుకు ఇన్నాళ్ళూ నా భార్య మీద కుళ్ళుకున్నాను. ఆ మెట్టు మీద, ఎండలో, కుళ్ళు దిక్కు మార్చుకుంది. ఆమె మీదనుంచి పులి మీదికి వెళ్ళింది. ఒక్క మాట కాలికింద ముల్లులా మిగిలింది. ఇన్నాళ్ళూ నన్నెవరూ సూడనట్టు. రోజూ నేను ఎంతమంది కళ్ళలోకో చూస్తాను. దీపం వేసి మరీ చూస్తాను.

ఫోన్ పెట్టేసి ఆమె నన్ను చూసింది. "ఎప్పుడొచ్చారు?"

"నడక దగ్గర."

ఆమెకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక నవ్వు ఆపుకోవడానికి దుప్పటి నోటికి అడ్డం పెట్టుకుంది. "రామ రామ! మీ గురించనుకున్నారేటి?"

"నాకూ చెప్పు కళా," అన్నాను.

"మీకు తెలీనిదేటుంది? గైడుకి ఫోన్ చేసారంట కదా. వాసు సెప్పాడు."

"అతను పులి గురించి చెప్పాడు. నువ్వు చూసింది చెప్పలేదు."

"మళ్ళీ కళ్ళజోడేదంటారు."

"అనను."

ఆమె బట్టలు పిట్టగోడ మీద పెట్టింది. దగ్గరికి వచ్చి నా ముఖం మీదనుంచి కళ్ళజోడు తీసేసింది. నాది మైనస్ నాలుగు. లోకమంతా ఒక్కసారిగా నీళ్ళలో పడింది. ఆమె నా భుజాలు పట్టుకుని పడమటి వైపు తిప్పింది.

"ఏటి కనబడతంది?"

"నీలంగా ఏదో."

"ఏటది?"

"కొండ."

"సెట్లు కనబడతన్నాయా? రాళ్ళు?"

"లేదు."

"మరి కొండ కాదంటారా?"

నేను చదివిన తర్కంలో ఆ ప్రశ్నకు సమాధానం ఎక్కడో ఉండే ఉంటుంది. వెతకలేదు.

"దూరంలో నాకూ గీతలు కనబళ్ళేదండి," అంది కళావతి. నా పక్కన నిలబడి, కొండ వైపే చూస్తూ చెబుతోందని గొంతును బట్టి తెలిసింది. "తల ఎక్కడ మొదలైందో తెలీలేదు. గడ్డిలోంచి గడ్డే లేచి నడిసినట్టు వచ్చారు. వచ్చి ఆగారు. అప్పుడు రెండు కళ్ళు. అవి మాత్రం బాగా కనబడ్డాయి. మణి అమ్మా అమ్మా అంటందంట. నాకు వినబళ్ళేదు. ఊపిరి ఒక్కటీ వినబడింది. అది ఆయనదో నాదో తెలీదు."

నేను ఆ నీలం వైపే చూస్తూ విన్నాను.

"మీకు సూపించాలనిపించింది. పొద్దున్నట్టే మోచెయ్యి పట్టుకుందామని పక్కకి తిరిగాను. మీరు లేరు కదా. మణి ఉంది. మళ్ళీ ఇటు తిరిగేసరికి తోకే ఉంది."

నా కోసం తిరిగిన ఆ కాసేపట్లో ఆమె పులిని పోగొట్టుకుంది. ఈ మాట నన్ను ఓదార్చాలి. ఓదార్చింది కూడా. కానీ నాలోపలి కొలబద్ద ఊరుకోలేదు. నాకు దక్కినది, ఆమె చూపు ఆయన మీదనుంచి పక్కకు తప్పినంత మేర మాత్రమేనని కొలిచి చెప్పింది.

కింద షట్టర్ మీద ఎవరో తట్టారు. "సారు ఉన్నారాండీ? ఫ్రేము ఇరిగిపోనాది!"

కళావతి పిట్టగోడ మీదనుంచి వంగింది. "ఉండండి! ఆయన వత్తన్నారు!"

ఆ మాటను నేను జాగ్రత్తగా విన్నాను. అందులో అలవాటు ఉంది. నా మోకాలి సంగతి తెలిసిన ఓపిక ఉంది. మెట్ల మీద విన్న గొంతు లేదు. అందులో ఉన్నది నేనే. నేను మాత్రమే.

"కళ్ళజోడు ఇదిగోండి," అంది ఆమె.

పెట్టుకున్నాను. కొండ మీద చెట్లు వచ్చాయి. ఆమె ముఖమూ వచ్చింది. కొంచెం సేపు దాన్నే చూశాను.

"ఏటండీ అలా సూస్తారు? ఎల్లండి, బేగి."

ఆమె వెనకనుంచి చూస్తోందో లేదో తెలియదు. నేలకు బరువు తెలియకుండా అడుగు వేయడానికి ప్రయత్నిస్తూ, ఒక్కొక్క మెట్టే దిగాను.